అమెరికా ఆసుపత్రుల్లో గుండె జబ్బులు: జాతి అంతరం ఎక్కడ ఏర్పడుతోంది, ఎక్కడ తగ్గింది

క్లుప్తంగా

తీవ్రమైన గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరే నల్లజాతి రోగులకూ శ్వేతజాతి రోగులకూ దక్కే ఫలితాల్లో తేడా ఉందన్న సంగతి అమెరికాలో నాలుగు దశాబ్దాలుగా నమోదవుతోంది. రోగి ఏ ఆసుపత్రికి చేరాడు, అక్కడ ఏ వార్డులో పడక దొరికింది, ఇంటికి వెళ్లాక ఎవరి పర్యవేక్షణలో ఉన్నాడు అన్న మూడు చోట్ల ఆ తేడాలో పెద్ద భాగం ఏర్పడుతోంది. ఏం చేయాలో ముందే రాసిపెట్టి ఉన్న అత్యవసర చికిత్సల్లో అంతరం బాగా తగ్గింది. వైద్యుడి విచక్షణకు, రోగి పలుకుబడికి చోటున్న నిర్ణయాల్లో అది ఇంకా కనిపిస్తోంది.

ఒకదానితో ఒకటి పొసగని రెండు సంగతులు

ఈ విషయంపై వచ్చే వార్తలు చదివేవారిని మొదట తికమక పెట్టేది ఒక వైరుధ్యం. అమెరికా జనాభా మొత్తాన్ని చూస్తే గుండె జబ్బుతో చనిపోయే ప్రమాదం శ్వేతజాతీయుల కంటే నల్లజాతీయులకు ఎక్కువ. గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరినవారిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే, అక్కడ ఉన్న రోజుల్లో చనిపోయేవారి శాతం నల్లజాతి రోగుల్లోనే తక్కువ. గుండె వైఫల్యం అంటే గుండె ఆగిపోవడమని చాలామంది అనుకుంటారు గానీ, శరీరానికి కావలసినంత రక్తాన్ని గుండె పంపు చేయలేకపోవడం వల్ల ఊపిరితిత్తుల్లోనూ కాళ్లలోనూ నీరు చేరే స్థితి అది. ఏళ్ల తరబడి సాగుతుంది, పదే పదే ఆసుపత్రి పాలు చేస్తుంది.

ఈ వైరుధ్యానికి ప్రధాన కారణం వయసు. 1985-86లో నాలుగు అమెరికా నగరాల్లో 18 నుంచి 30 ఏళ్ల వయసున్న 5,115 మందిని ఎంచుకుని, వారిని రెండు దశాబ్దాల పాటు గమనించిన ‘కార్డియా’ అధ్యయనం దీన్ని స్పష్టంగా చూపింది. వారిలో యాభై ఏళ్లు నిండకముందే గుండె వైఫల్యం బారిన పడినవారు 27 మంది. ఆ 27 మందిలో 26 మంది నల్లజాతివారు. యవ్వనంలోనే మొదలై చికిత్సకు లొంగకుండా, లేదా చికిత్సే అందకుండా ఉండిపోయిన రక్తపోటు, ఊబకాయం, మూత్రపిండాల జబ్బు వీరిలో ముందస్తు సంకేతాలుగా కనిపించాయి.

అంటే ఆసుపత్రి గణాంకాలు పోలుస్తున్నది సమవయస్కులను కాదు. చాలా సందర్భాల్లో నడివయసులో జబ్బుపడిన నల్లజాతి రోగిని ముసలితనంలో జబ్బుపడిన శ్వేతజాతి రోగి పక్కన పెడుతున్నాయి. వయసు తక్కువ కాబట్టి మొదటివాడు ఆ వారం గట్టెక్కుతాడు. అంతమాత్రాన అతనికి మెరుగైన వైద్యం అందిందని చెప్పలేం. డిశ్చార్జి అయ్యాక నల్లజాతి రోగులే మళ్లీ మళ్లీ ఆసుపత్రికి తిరిగి రావడం కూడా అదే గణాంకాల్లో ఉంది. వయసు తెచ్చిన ఈ చిన్న వెసులుబాటును ఒక ప్రమాద సూచిక జాతి లక్షణంగా లెక్కగట్టిన తీరు కూడా ఉంది. దాని సంగతి తర్వాత చూద్దాం.

ఏ ఆసుపత్రి అన్నది తొలి ప్రశ్న

1946 నాటి హిల్-బర్టన్ చట్టం కింద అమెరికా సమాఖ్య ప్రభుత్వం ఆసుపత్రుల నిర్మాణానికి భారీగా నిధులు ఇచ్చింది. ‘వేరుగా ఉన్నా సమానంగా ఉంటే చాలు’ అనే వెసులుబాటును అదే చట్టంలో చేర్చడం వల్ల, నల్లజాతివారిని చేర్చుకోని ఆసుపత్రులు కూడా ప్రభుత్వ సొమ్ముతోనే లేచాయి. ఉత్తర కరోలినా రాష్ట్రం గ్రీన్స్‌బరోలో దంతవైద్యుడు జార్జ్ సిమ్‌కిన్స్, ఆయన సహచరులు వేసిన దావాలో 1963లో అప్పీళ్ల కోర్టు ఆ వెసులుబాటు రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా చాలా ఆసుపత్రులు కదలలేదు. వాటిని కదిలించింది 1966 జులైలో అమల్లోకి వచ్చిన మెడికేర్. వృద్ధుల వైద్యానికి ప్రభుత్వం చెల్లించే డబ్బు కావాలంటే జాతి విభజనను ఎత్తివేయాల్సిందేనన్న షరతు, కోర్టు తీర్పులు ఏళ్ల తరబడి సాధించలేనిదాన్ని కొద్ది నెలల్లో సాధించింది.

తలుపులు తెరుచుకున్నాయి గానీ, ఇళ్లు ఎక్కడివి అక్కడే ఉండిపోయాయి. నివాస ప్రాంతాల విభజన అలాగే ఉండటంతో ఎవరికి ఏ ఆసుపత్రి దగ్గర అన్నది కూడా పెద్దగా మారలేదు. గుండెపోటు వచ్చినప్పుడు అంబులెన్సు సాధారణంగా దగ్గరున్న చోటికే వెళ్తుంది.

దీని ప్రభావాన్ని బాగా పట్టుకున్న అధ్యయనం 2005లో వెలువడింది. గుండెపోటుకు చికిత్స పొందిన 11 లక్షలకు పైగా మెడికేర్ రోగుల వివరాలను జొనాథన్ స్కిన్నర్ బృందం పరిశీలించి, నల్లజాతి రోగులు ఏ మేరకు వస్తారన్న దాన్నిబట్టి ఆసుపత్రులను వరుసలో పేర్చింది. నల్లజాతి గుండెపోటు రోగులే లేని ఆసుపత్రుల్లో 90 రోజుల లోపు మరణించినవారు 20.1 శాతం కాగా, నల్లజాతి రోగుల వాటా అత్యధికంగా ఉన్న ఆసుపత్రుల్లో 23.7 శాతం. రోగుల వయసు, ఇతర జబ్బుల తేడాలను సరిచేశాక వచ్చిన అంకెలివి. ఆ ఆసుపత్రుల్లో చేరిన శ్వేతజాతి రోగులకూ ఫలితాలు అంతంతమాత్రంగానే ఉన్నాయన్నది ఈ అధ్యయనంలో గుర్తుపెట్టుకోదగ్గ అంశం. అక్కడ రోగి చర్మం రంగు కంటే ఆసుపత్రి స్థాయి ఎక్కువ పనిచేసింది. ఏ రంగువారు ఏ ఆసుపత్రికి చేరతారన్నది మాత్రం చరిత్ర ముందే నిర్ణయించి పెట్టింది.

ఆసుపత్రిలో ఉండగానే గుండె హఠాత్తుగా ఆగిపోయిన రోగుల విషయంలోనూ ఇదే కనిపించింది. విద్యుత్ షాక్‌తో తిరిగి కొట్టుకునేలా చేయగల లయ లోపం వల్ల గుండె ఆగిన 10,011 మంది రోగులపై, 274 ఆసుపత్రుల వివరాలతో పాల్ చాన్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ప్రాణాలతో ఇంటికి వెళ్లినవారు శ్వేతజాతి రోగుల్లో 37.4 శాతం, నల్లజాతి రోగుల్లో 25.2 శాతం. పన్నెండు శాతానికి పైబడిన ఈ అంతరం, రోగుల స్థితిగతులతో పాటు వారు చేరిన ఆసుపత్రిని కూడా లెక్కలోకి తెచ్చేసరికి చాలా మేరకు కుంచించుకుపోయింది.

ఒకే ఆసుపత్రి, వేర్వేరు వార్డులు

ఆసుపత్రుల మధ్య తేడాతోనే అంతా తేలిపోతే, మంచి ఆసుపత్రికి చేరిన నల్లజాతి రోగికి ఇక ఇబ్బంది ఉండకూడదు. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్ దేశంలోనే పేరెన్నికగన్న బోధనాసుపత్రుల్లో ఒకటి. గుండె వైఫల్యంతో అక్కడి అత్యవసర విభాగం నుంచి చేరిన 1,967 మంది రోగుల దాదాపు పదేళ్ల రికార్డులను అక్కడి వైద్యులే తిరగేసి, 2019లో ఫలితాలు బయటపెట్టారు. శ్వేతజాతి రోగులతో పోలిస్తే నల్లజాతి రోగులకు కార్డియాలజీ వార్డులో పడక దొరికే అవకాశం 9 శాతం తక్కువగానూ, లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) రోగులకు 17 శాతం తక్కువగానూ తేలింది. మిగిలినవారు జనరల్ మెడిసిన్ వార్డుకు వెళ్లారు. కార్డియాలజీ వార్డు నుంచి డిశ్చార్జి అయినవారు 30 రోజుల్లో తిరిగి ఆసుపత్రి పాలు కావడం తక్కువ.

ఈ తేడా ఎలా పుడుతుందో ఆలోచిస్తే ఎవరో ఒక వైద్యుడి దురుద్దేశం కనిపించదు. ఏ వార్డుకు పంపాలన్నది అత్యవసర విభాగంలో, అర్ధరాత్రీ అపరాత్రీ, ఫోన్లలో తేలే నిర్ణయం. ఆ రోగిని ముందునుంచీ చూస్తున్న గుండె నిపుణుడు అదే సంస్థలో ఉంటే కార్డియాలజీ వార్డుకు దారి సుగమం అవుతుంది. అలాంటి నిపుణుడు ఉండాలంటే అంతకుముందే మంచి బీమా, సమయం, రాకపోకల సౌకర్యం ఉండి ఉండాలి. ‘మా నాన్నను గుండె వార్డులోనే ఉంచండి’ అని గట్టిగా అడిగే కుటుంబ సభ్యుడు పక్కన ఉన్నా ఫలితం మారుతుంది. తెలిసిన డాక్టరు ఉంటే పని సులువవుతుందన్నది మన ఊళ్లలోనూ అందరికీ తెలిసిన అనుభవమే. అయితే ఎవరికి తెలిసిన డాక్టరు ఉంటారన్నది జాతి వారీగా విడిపోయిన సమాజంలో, ఆ అలవాటు ఎవరూ అనుకోకుండానే జాతి వివక్షగా మారుతుంది.

గుండె వైఫల్యంతో ఐసీయూలో చేరిన లక్షకు పైగా రోగులపై ఖదీజా బ్రెతెట్ బృందం 2018లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇటే మొగ్గు చూపింది. అంత విషమ స్థితిలో సైతం గుండె నిపుణుడి ప్రధాన పర్యవేక్షణ దక్కడం శ్వేతజాతి రోగులకే ఎక్కువగా కనిపించింది. అలాంటి పర్యవేక్షణ ఉన్నచోట, రోగి ఏ జాతివారైనా, బతికి బయటపడే అవకాశం మెరుగ్గా ఉంది.

బోస్టన్ వైద్యులు తమ అధ్యయనంతో ఆగిపోలేదు. నల్లజాతి లేదా లాటినో గుండె వైఫల్య రోగిని జనరల్ వార్డుకు కేటాయిస్తున్నప్పుడు, గత రికార్డును గుర్తుచేస్తూ కంప్యూటర్ తెరపై హెచ్చరిక కనిపించేలా ఒక విధానాన్ని 2021లో ప్రతిపాదించారు. జాతిని బట్టి రోగిని వేరుగా చూడటం చట్టసమ్మతమా అన్న వాదన వెంటనే మొదలైంది, నిరసనలూ వచ్చాయి. అంతరాన్ని తగ్గించడానికి జాతిని లెక్కలోకి తీసుకోవాలా, లేక అందరికీ వర్తించే రాతపూర్వక ప్రమాణాలను బిగించాలా అన్నది అక్కడి నుంచే పెద్ద చర్చ అయింది.

పతాక శీర్షికకెక్కిన ఒక అంకె

ఈ రంగంలో అంకెలను ఎంత జాగ్రత్తగా చదవాలో 1999 నాటి ఒక ఉదంతం చెబుతుంది. ఛాతీ నొప్పి ఉందని చెప్పే నటీనటుల వీడియోలను కెవిన్ షుల్మన్ బృందం 720 మంది వైద్యులకు చూపించి, ఎవరిని కార్డియాక్ క్యాథెటరైజేషన్‌కు, అంటే మనం యాంజియోగ్రామ్ అని పిలిచే పరీక్షకు, పంపుతారని అడిగింది. లక్షణాలూ మాటలూ ఒకటే. మారినవి జాతి, లింగం, వయసు వంటివి. నల్లజాతివారిని ఆ పరీక్షకు పంపే అవకాశం 40 శాతం తక్కువ అని పత్రికలూ టీవీలూ హోరెత్తించాయి.

కొద్ది నెలలకే అదే వైద్య పత్రికలో మరో పరిశోధకుల బృందం లెక్కను విప్పి చూపింది. పరీక్షకు సిఫారసు పొందినవారు శ్వేతజాతిలో 90.6 శాతం, నల్లజాతిలో 84.7 శాతం. అంటే సిఫారసు దాదాపు 7 శాతం మాత్రమే తక్కువ. జరిగే అవకాశాన్ని జరగని అవకాశంతో భాగిస్తే వచ్చే ‘ఆడ్స్’ అనే గణిత కొలతను సాధారణ సంభావ్యతగా చదవడం వల్ల 7 కాస్తా 40గా ప్రచారమైంది. అంతేకాదు, శ్వేతజాతి పురుషులు, శ్వేతజాతి స్త్రీలు, నల్లజాతి పురుషులు ముగ్గురికీ సిఫారసు ఒకే స్థాయిలో ఉంది. నల్లజాతి స్త్రీలకు మాత్రం అది 78.8 శాతమే. సగటుల వెనక దాగిపోయిన అసలు ఫలితం ఇదే. పత్రికలు చెప్పినంత విస్తృతమైన అంతరం అక్కడ లేదు. ఉన్న అంతరమంతా ఒక్క వర్గం మీదే పడింది.

కొలత పరికరంలోనే తేడా ఉంటే

గుండె వైఫల్యంతో చేరిన రోగి ఆసుపత్రిలో చనిపోయే ప్రమాదం ఎంతో అంచనా వేయడానికి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆధ్వర్యంలో ఒక స్కోరు తయారైంది. రక్తపోటు, సోడియం, వయసు, గుండె వేగం వంటి వాటికి పాయింట్లు ఇచ్చి కూడతారు. మొత్తం పెరిగే కొద్దీ ప్రమాదం ఎక్కువని అర్థం. రోగి నల్లజాతివారు కాకపోతే ఈ స్కోరులో అదనంగా మూడు పాయింట్లు చేరతాయి. పాత రికార్డుల్లో నల్లజాతి రోగుల ఆసుపత్రి మరణాలు తక్కువగా కనిపించడమే దీనికి ఆధారం. అలా ఎందుకు కనిపించిందన్న ప్రశ్నను పక్కనపెట్టి కనిపించినదాన్ని సూత్రంలో బిగించడంతో, మిగతా అన్నీ సమానంగా ఉన్న ఇద్దరు రోగుల్లో నల్లజాతి రోగికి ప్రమాదం తక్కువని యంత్రం చెబుతుంది. ఆ స్కోరును నమ్ముకుని ప్రాధాన్యాలు నిర్ణయిస్తే, పడకా నిపుణుడూ రెండోవారికే ముందు దక్కుతాయి. ఇలాంటి జాతి ఆధారిత సూత్రాలను 2020లో ఒక ప్రముఖ వైద్య పత్రిక వ్యాసం వరుసగా ఎత్తిచూపింది. గుండె జబ్బు వచ్చే ప్రమాదాన్ని ముందుగా అంచనా వేయడానికి అదే అసోసియేషన్ 2023లో విడుదల చేసిన ‘ప్రివెంట్’ సమీకరణాల్లో జాతి అనే అంశమే లేదు.

పల్స్ ఆక్సీమీటర్‌ది మరో రకం సమస్య. వేలి గుండా ఎరుపు, పరారుణ కాంతులను పంపి, ఎంత కాంతి పీల్చుకుపోయిందన్న దాన్నిబట్టి రక్తంలో ఆక్సిజన్‌ను అది లెక్కిస్తుంది. చర్మంలోని మెలనిన్ కూడా ఆ కాంతిని పీల్చుకుంటుంది. పరికరం 92 నుంచి 96 శాతం ఆక్సిజన్ చూపుతున్న సమయంలో ధమని రక్తాన్ని నేరుగా పరీక్షిస్తే, ఆక్సిజన్ 88 శాతం కంటే తక్కువగా తేలిన సందర్భాలు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, శ్వేతజాతి రోగుల్లో 3.6 శాతం అని 2020 డిసెంబరులో వెలువడిన అధ్యయనం చూపింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిన గుండె రోగికి ఆక్సిజన్ పెంచాలా, ఐసీయూకు మార్చాలా అన్నది చాలాసార్లు ఈ అంకె మీదే ఆధారపడుతుంది. వేర్వేరు చర్మ వర్ణాలవారిపై మరింత విస్తృతంగా పరీక్షించాలని కోరుతూ అమెరికా ఆహార ఔషధ సంస్థ 2025 జనవరిలో ముసాయిదా మార్గదర్శకాలు విడుదల చేసింది. కోవిడ్ రెండో విడతలో తెలుగు రాష్ట్రాల్లో ఇంటింటా కొన్న పరికరం కూడా ఇదే. ముదురు చామనచాయ మేనివారు కోట్లలో ఉన్నచోట, ఈ సంగతి అమెరికాకే పరిమితమైనదిగా చూడలేం.

జన్యువుల వాటా

జీవశాస్త్ర కారణాలు అసలే లేవనడం సరికాదు. రక్తంలోని ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రొటీన్‌ను అస్థిరపరిచి, వయసు మీరాక అది గుండె కండరంలో పేరుకునేలా చేసే ఒక జన్యు మార్పు ఆఫ్రికన్ అమెరికన్లలో 3 నుంచి 4 శాతం మందిలో ఉంది. దీనివల్ల వచ్చే గుండె వైఫల్యాన్ని చాలాకాలం మామూలు రక్తపోటు తెచ్చినదిగా పొరబడుతూ వచ్చారు.

హైడ్రాలజీన్, ఐసోసార్బైడ్ డైనైట్రేట్ అనే రెండు పాత మందుల కలయికది ఇంతకంటే చిత్రమైన కథ. తమను నల్లజాతివారిగా చెప్పుకున్న 1,050 మంది గుండె వైఫల్య రోగులపై జరిపిన పరీక్షలో డమ్మీ మాత్ర తీసుకున్నవారిలో 10.2 శాతం మంది, మందు తీసుకున్నవారిలో 6.2 శాతం మంది మరణించడంతో 2004లో పరీక్షను గడువుకు ముందే ఆపేశారు. మరుసటి ఏడాది, ఒక జాతి కోసమే ఆమోదం పొందిన తొలి మందుగా అది వార్తల్లోకెక్కింది. ఇంత స్పష్టమైన ఫలితం ఉన్నా, అర్హులైన రోగుల్లో చాలామందికి ఆ మందు నేటికీ అందడం లేదు. జన్యువుల గురించి ఎంత మాట్లాడినా, చేతిలో ఉన్న మందు చీటీ మీదకు ఎక్కకపోతే ఆ లోపం జన్యువులది కాదు.

అంతరం తగ్గిన చోటు

ఆసుపత్రిలో గుండె ఆగిన రోగుల విషయానికి తిరిగి వస్తే, ఈ మొత్తం చర్చలో అత్యంత ఆశాజనకమైన ఫలితం అక్కడే ఉంది. 289 ఆసుపత్రుల్లో 1,12,139 మంది రోగుల వివరాలతో 2017లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, నల్లజాతి రోగుల్లో ప్రాణాలతో డిశ్చార్జి అయినవారు 2000లో 11.3 శాతం కాగా 2014 నాటికి 21.4 శాతానికి పెరిగారు. శ్వేతజాతి రోగుల్లో అది 15.8 నుంచి 23.2 శాతానికి చేరింది. అంతరం నాలుగున్నర నుంచి రెండు శాతం లోపుకు దిగింది. గుండెను తిరిగి కొట్టుకునేలా చేసే తొలి ఘట్టాన్ని విడిగా చూస్తే 2014లో ఇరువురికీ సుమారు 64 శాతంతో తేడా చెరిగిపోయింది. నల్లజాతి రోగులు ఎక్కువగా వచ్చే ఆసుపత్రులే ఎక్కువగా మెరుగుపడ్డాయి.

ఏ విధానంతో ఇది జరిగిందో గమనించడం అవసరం. గుండె ఆగిందని అత్యవసర పిలుపు రాగానే ఎవరు ఛాతీ నొక్కాలి, ఎన్ని నిమిషాల్లో షాక్ ఇవ్వాలి, ఏ మందు ఎప్పుడు వేయాలి అన్నది ముందే నిర్ణయమై, సాధన చేసి ఉంటుంది. ఎంత సమయంలో ఏం చేశారో ఈ విశ్లేషణలోని ఆసుపత్రులు నమోదు చేసి, తోటి ఆసుపత్రులతో పోల్చుకుంటాయి. ఈ క్రమంలో రోగి ఎవరన్న ఆలోచనకు చోటు దొరకదు. గుండె తిరిగి కొట్టుకోవడం మొదలైన తర్వాతి రోజుల్లో, అంటే నిర్ణయాలు మళ్లీ విచక్షణకు వచ్చే దశలో, మిగిలిన అంతరం ఉంది.

ఆసుపత్రి బయట ఏమవుతుందో చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టపడుతుంది. కళ్లెదుట ఎవరైనా కుప్పకూలినప్పుడు పక్కనున్నవారు సీపీఆర్ చేసిన సందర్భాలు, 2022లో ప్రచురితమైన 1,10,054 ఘటనల విశ్లేషణ ప్రకారం, ఇళ్లలో శ్వేతజాతివారికి 47.4 శాతం, నల్లజాతి, హిస్పానిక్ (స్పానిష్ భాషా దేశాల మూలాలున్న) వర్గాలకు కలిపి 38.5 శాతం. ఇంట్లో ఉన్నది సొంతవారే కాబట్టి అక్కడి తేడాకు శిక్షణ లేకపోవడం ఒక కారణం కావచ్చు. జనం మధ్య, బహిరంగ ప్రదేశాల్లో అయితే 60 శాతానికి ఎదురుగా 45.6 శాతమే, అంతరం ఇంకా పెరిగింది. చుట్టూ చేతులు ఎక్కువున్నచోట సాయం తేడా ఎక్కువైందంటే, శిక్షణ లోపం ఒక్కటే దానికి సమాధానం కాలేదు.

జరిమానా ఎవరి మీద పడింది

రోగులు 30 రోజుల్లో తిరిగి చేరకుండా చూడాలని 2010 నాటి ఆరోగ్య సంస్కరణల చట్టం కింద 2012 అక్టోబరు నుంచి మెడికేర్ జరిమానాలు మొదలుపెట్టింది. గుండెపోటు, గుండె వైఫల్యం మొదటి జాబితాలోనే ఉన్నాయి. మందు కొనలేని, ఉప్పు తగ్గిన భోజనం దొరకని, ఫాలో-అప్‌కు వెళ్లడానికి సెలవు దొరకని రోగులు ఎక్కువగా వచ్చే ఆసుపత్రులకే కోత ఎక్కువగా పడింది. అప్పటికే వనరులు తక్కువైన చోటి నుంచి చెల్లింపుల్లో గరిష్ఠంగా 3 శాతం వరకు వెనక్కి తీసుకోవడం ఎంతవరకు న్యాయమన్న ప్రశ్న తలెత్తింది. 2016 చివర్లో అమెరికా కాంగ్రెస్ చట్టం సవరించాక, 2019 ఆర్థిక సంవత్సరం నుంచి పేద రోగుల వాటా ఒకేలా ఉన్న ఆసుపత్రులను ఒక గుంపుగా చేసి, వాటిలో వాటినే పోలుస్తున్నారు.

‘ఆసియన్’ అన్న గడిలో

ఇప్పటిదాకా చెప్పుకున్న పరిశోధనల్లో తెలుగువారు కనిపించరు. కారణం రికార్డుల్లోనే ఉంది. చాలా ఆసుపత్రి పత్రాల్లో చైనా, జపాన్, ఫిలిప్పీన్స్, భారత మూలాలవారంతా ‘ఆసియన్’ అన్న ఒక్క గడిలోకే వెళ్తారు. తూర్పు ఆసియా సంతతిలో గుండెపోట్లు తక్కువ. దక్షిణాసియా సంతతిలో ఎక్కువ, అదీ చిన్న వయసులో. రెండింటినీ కలిపి సగటు తీస్తే ‘ఆసియన్ల’ ఆరోగ్యం భేషుగ్గా కనిపిస్తుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో నలభై అయిదేళ్ల తెలుగు ఉద్యోగి ఛాతీలో మంటతో అత్యవసర విభాగానికి వెళ్లినప్పుడు అతని ప్రమాదం ఎంతో ఆ సగటు చెప్పదు.

ఈ లోటును పూడ్చే ప్రయత్నాలు ఆలస్యంగా మొదలయ్యాయి. శాన్ ఫ్రాన్సిస్కో, చికాగో ప్రాంతాల్లోని 906 మంది దక్షిణాసియన్లతో 2010లో ప్రారంభమైన ‘మసాలా’ అధ్యయనం, బరువు మామూలుగా ఉన్నవారిలోనూ మధుమేహం ఎక్కువగా ఉండటాన్ని నమోదు చేసింది. 2018లో వచ్చిన కొలెస్టరాల్ మార్గదర్శకాలు దక్షిణాసియా సంతతిని ప్రమాదం పెంచే అంశంగా గుర్తించాయి. 2024 మార్చిలో అమెరికా ప్రభుత్వం తన జాతి, సంతతి వర్గీకరణ ప్రమాణాలను సవరించి, ‘ఆసియన్’ కింద భారతీయులతో సహా ఉపవర్గాలను విడిగా సేకరించాలని సమాఖ్య సంస్థలకు చెప్పింది. పూర్తిగా అమలు చేయడానికి అప్పట్లో 2029 మార్చి వరకు గడువిచ్చింది. ఆ నిబంధన నేరుగా వర్తించేది సమాఖ్య సంస్థలకే. ఆసుపత్రి రిసెప్షన్‌లో నింపే ఫారంలో ఆ గడి ఎప్పుడు మారుతుందన్నది ఒక్కో ఆసుపత్రి తన కంప్యూటర్ వ్యవస్థను ఎప్పుడు మార్చుకుంటుందన్న దానిమీద ఆధారపడి ఉంది.